తుఫాను 72 గంటల దూరంలో ఉంది: వరి కోయాలా, ఆపాలా?



మా బాపట్ల వైపు అక్టోబరు వచ్చిందంటే రెండు లెక్కలు కలిసి నడుస్తాయి. చేలో వరి ఏ దశకి వచ్చిందనేది ఒకటి, బంగాళాఖాతంలో ఏం తయారవుతోందనేది రెండోది. ఈ పాఠం ఆ రెండు లెక్కలు ఎదురుపడే రోజు గురించి. వీడియోలో మా చేను, మురుగు బోదెలు చూపించాను. ఇక్కడ కారణాలతో సహా రాస్తున్నాను.

ఈ నెలల్లోనే ఎందుకు?

జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం వేడిగానే ఉంటుంది. కానీ నైరుతి రుతుపవనాల్లో కింది గాలి ఒక దిక్కుకి, పై గాలి ఇంకో దిక్కుకి బలంగా వీస్తాయి. అందుకని అల్పపీడనం నిలువుగా పేరుకోలేక చాలాసార్లు వాయుగుండం దగ్గరే ఆగిపోతుంది. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఆ గాలుల తేడా తగ్గిపోతుంది, నీళ్ల వేడి మాత్రం ఇంకా ఉంటుంది. గాలి వేగం గంటకి 62 కిలోమీటర్లు దాటితే దాన్ని తుఫాను అంటారు.

తేదీలు చూడండి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. మిచౌంగ్ 2023 డిసెంబరు 5. అన్నీ సార్వా వరి పొట్ట దశ నుంచి కల్లం దాకా ఉండే రోజుల్లోనే వచ్చాయి.

నేను చేసిన తప్పు

మిచౌంగ్ తీరం దాటింది మా బాపట్ల దగ్గరే. అప్పటికి మూడు రోజుల ముందు మా మూడెకరాలు కోతకి వచ్చి ఉన్నాయి. కోత మిషన్ దొరకలేదు. కనీసం మనుషులతోనైనా కోయించేద్దామని నేను కంగారుపడ్డాను. నాన్న ఒక్కటే మాట అన్నాడు: "నిలబడ్డ చేనుకి ప్రాణం ఉంటది రా, కోసిన పనకి ఉండదు." అగ్రికల్చర్ డిప్లొమా చదివినోణ్ని, నాకు తెలియదా అనుకున్నాను. రెండెకరాలు కోయించాను. మూడో ఎకరానికి కూలీలు దొరక్క వదిలేశాను.

పనలు మెరక మీదకి చేర్చేలోపే వాన పట్టుకుంది. సగానికి పైగా చేలోనే నీళ్లలో నానాయి. నీళ్లు తీసి చూస్తే కంకుల మీదే మొలకలు. కోయని ఎకరంలో సగం పడిపోయింది, కానీ అందులో నీళ్లు ముందే తీసేసి ఉన్నాం. దుబ్బులు లేపి కట్టాం. ఆ ఏడాది మా ఇంట్లో తిన్న బియ్యం ఆ ఎకరంలోవే. కోసిన రెండెకరాల ధాన్యం రంగు మారిపోయి, అడిగిన రేటుకి ఇచ్చేయాల్సి వచ్చింది. నాన్న ఆ తర్వాత ఒక్క మాట కూడా అనలేదు. అనుంటేనే బాగుండేది.

72, 48, 24 గంటలు

వాతావరణ శాఖ హెచ్చరికలు మెట్లు మెట్లుగా వస్తాయి. 72 గంటల ముందు తొలి సమాచారం, కనీసం 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు తుఫాను హెచ్చరిక. మన పనులు కూడా అలాగే పంచుకోవాలి.

72 గంటలప్పుడు నిర్ణయం తీసుకోండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. గింజ 80 నుంచి 90 శాతం బంగారు రంగుకి వచ్చిందా? వాన పడేలోపు మిషన్ ఖాయంగా వస్తుందా? వచ్చిన ధాన్యం పోయడానికి మెరక, బరకాలు ఉన్నాయా? మూడిటికీ అవునంటేనే కోయండి. ఒక్కదానికి కాదన్నా చేను నిలబెట్టండి. కోసి పన మీద వదిలేయడం అన్నిటికంటే నష్టం.

48 గంటలప్పుడు నీళ్లు తీసేయండి. గట్లకి గండ్లు పెట్టి, మురుగు బోదెలో తుక్కు తీయండి. తడిసి మెత్తబడ్డ నేలలో వేరు పట్టు వదిలేస్తుంది, అందుకే చిన్న గాలికే వరి వాలిపోతుంది. ఈ రెండు రోజుల్లో జీవామృతం గానీ, కషాయాలు గానీ కొట్టొద్దు, వానకి కొట్టుకుపోతాయి. 10 కిలోల ఉప్పు తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.

24 గంటలప్పుడు చేలోకి వెళ్లొద్దు. మోటారు కరెంటు తీసేయండి. పాకలో పశువుల పలుపులు విప్పేయండి. పంట మళ్లీ వేసుకోవచ్చు.

వాన తెరిపిచ్చాక

1. ముందు నీళ్లు బయటికి పంపాలి. మిగతా పనులన్నీ దాని తర్వాతే.
2. పడిన వరిని నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కట్టాలి. కంకి నీటిని తాకకుండా ఉంటే మొలక ఆగుతుంది.
3. పనల మీద, పడిన కంకుల మీద 5 శాతం ఉప్పు ద్రావణం కొట్టాలి. అంటే లీటరు నీటికి 50 గ్రాములు, ఎకరానికి 200 లీటర్లు. ప్రకృతి సేద్యంలో ఉప్పేంటని కొందరు అడుగుతున్నారు. ఇది ఏటా వాడేది కాదు, గింజ మొలకెత్తకుండా ఆపే ఆపద మందు.
4. ధాన్యం తడిస్తే, ఎండ వచ్చేదాకా క్వింటాకి కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టాలి. ఎండ రాగానే పలచగా ఆరబెట్టి తూర్పారపట్టాలి.
5. ఇంకా పాలు పోసుకునే దశలో ఉన్న చేలో తెగుళ్లు రాకుండా మేం పుల్లటి మజ్జిగ 6 లీటర్లు 100 లీటర్ల నీటిలో కలిపి కొడతాం.
6. ఫొటోలు తీసి రైతు సేవా కేంద్రంలో చెప్పండి. పంటల బీమా ఉన్నవాళ్లు 72 గంటల్లోపే తెలియజేయాలి. కోసి ఆరేసిన పంటకి కోత తర్వాత 14 రోజుల వరకే వర్తిస్తుంది.

అసలు పని జూన్‌లోనే ఉంది

ప్రకృతి సేద్యం చేస్తే వరి పడదని నేను చెప్పను, మాదీ పడింది. కానీ యూరియా ఎక్కువైన వరి మెత్తగా, ఏపుగా పెరిగి ముందు పడుతుంది. మేం దమ్ములో ఎకరానికి 400 కిలోల ఘనజీవామృతం వేసి, తర్వాత ద్రవజీవామృతం పారిస్తాం, ఆరుతడి ఇస్తాం. కాడ గట్టిపడి వేరు లోతుకి దిగుతుంది. ప్రతి 2 మీటర్లకి ఒక కాలిబాట వదిలితే గాలి, వెలుతురు తగులుతాయి. విత్తనం తీసుకునేటప్పుడు రెండు అడగండి: పడిపోని రకమా, గింజకి రెండు వారాలైనా నిద్రావస్థ ఉందా? నిద్రావస్థ ఉన్న గింజ తడిసినా వెంటనే మొలకెత్తదు. మూడెకరాలున్నా ఒకే రకం, ఒకే రోజు నాటొద్దు. ఇప్పుడు మేం పది రోజుల తేడాతో రెండు రకాలు వేస్తున్నాం. అన్నీ ఒకే తుఫానుకి దొరకవు.

మీ ఊళ్లో పెద్దవాళ్లు తుఫాను ముందు ఏం చేసేవాళ్లో వీడియో కింద రాయండి. నాన్న చెప్పిన మాట నేను ఆలస్యంగా విన్నాను. మీరు ముందే వినండి.