సోమవారం కలకత్తాలో ఏం చూస్తారు?

ప్రశ్నలు - జవాబులు

చలి మొదలవుతోందంటే మాకు కలకత్తా ఉత్తరాలు పెరుగుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ ఊరు తిరగడానికి అనువుగా ఉంటుంది. ఏప్రిల్ వచ్చిందంటే ఆ ఉక్కపోతకు విశాఖవాళ్ళు కూడా తట్టుకోలేరు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఊరికే ఇచ్చేశాం.

ప్రశ్న: మేం ఆరుగురం. మేమిద్దరం, పిల్లలిద్దరు, డెబ్బై దాటిన మా అత్తమామలు. శని, ఆది, సోమ మూడు రోజులు కలకత్తాలో ఉంటాం. చూడాల్సినవన్నీ రాసుకుంటే పంతొమ్మిది తేలాయి. ఎలా సర్దుకోవాలి?
- ఒక గృహిణి, సామర్లకోట

జవాబు: సగం కొట్టేయండమ్మా. డెబ్బై ఏళ్ళవాళ్ళు రోజుకు రెండు చోట్లు సుఖంగా చూస్తారు, మూడో చోట కుర్చీ కోసం వెతుక్కుంటారు.

ఇక అసలు చిక్కు మీ సోమవారం. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవని మనకు అలవాటు. కలకత్తాలో ఆ సెలవు సోమవారం. విక్టోరియా మెమోరియల్ లోపలి గదులు, ఇండియన్ మ్యూజియం, జొరసాంకోలోని రవీంద్రుడి ఇల్లు, మూడూ ఆ రోజు మూసే ఉంటాయి. జంతుప్రదర్శనశాలకేమో గురువారం సెలవు. కాబట్టి భవనాలూ మ్యూజియాలూ శని, ఆదివారాల్లో పెట్టుకోండి, గుళ్ళు సోమవారానికి వదలండి. కాళీఘాట్‌కు శని, మంగళవారాల్లో జనం విరగబడతారు. ఆ లెక్కనా సోమవారమే మేలు.

శనివారం రైలు దిగి, స్నానాలూ భోజనాలూ అయ్యాక విక్టోరియా మెమోరియల్‌కు వెళ్ళండి. అప్పటి వైస్రాయి కర్జన్ తలపెట్టిన కట్టడం అది. 1906లో శంకుస్థాపన జరిగి 1921లో తెరుచుకుంది. పాలరాయి తాజ్‌మహల్‌కు తెచ్చిన మక్రానా గనులదే. లోపల గంటన్నర చాలు. పెద్దవాళ్ళు తోటలో చెరువు పక్కన కూర్చుంటే మీరు పిల్లలతో సెయింట్ పాల్స్ చర్చి దాకా నడిచి రావచ్చు.

ఆదివారం పొద్దున్నే హౌరా వంతెన. ఎనిమిది దాటాక వెళ్తే వంతెన బదులు బస్సులు చూసి వస్తారు. వంతెనకు కలకత్తా వైపు చివర, మల్లిక్ ఘాట్ దగ్గర పూలబజారు ఉంటుంది. కడియం నర్సరీల పక్కనుంచి వచ్చిన మీకు పూలు కొత్త కావు గానీ, బంతిదండలు మోకులంత లావున చుట్టి తలమీద మోసుకెళ్ళడం మాత్రం పిల్లలకు చూపించాలి. వంతెన 1943లో తెరిచారు. 26,500 టన్నుల ఉక్కు వాడిన ఆ కట్టడంలో నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్లతో బిగించిందే. తిరుగుదారిలో హౌరా నుంచి ఎస్‌ప్లనేడ్‌కు మెట్రో ఎక్కండి. 2024లో మొదలైన ఈ దారి హుగ్లీ నది అడుగున సొరంగంలో వెళ్తుంది. నది కింద గడిచేది ముక్కాలు నిమిషమే, రెప్ప వేయొద్దని పిల్లలకు ముందే చెప్పండి. మధ్యాహ్నం ఇండియన్ మ్యూజియం. దాని బదులు మీరు వెళ్ళదగ్గ చోటు ఒకటుంది, అది మీ ఊరి వల్లే గుర్తొచ్చింది. నది అవతల శిబ్‌పూర్‌లో ఉన్న బొటానికల్ గార్డెన్‌కు 1793లో అధిపతిగా వెళ్ళిన విలియం రాక్స్‌బర్గ్, అంతకుముందు మీ సామర్లకోటలోనే తోట వేసి మిరియాల సాగు మీద ప్రయోగాలు చేశాడు. ఆ గార్డెన్‌లోని మర్రికి 1925లో తెగులు సోకిన అసలు మాను తీసేశారు. ఊడలే మానులై ఇప్పటికీ పాకుతోంది. పిల్లలు నడవగలిగితే మ్యూజియం కన్నా ఇదే మంచిదంటాను.

సోమవారం పొద్దున కాళీఘాట్. పండాలు చుట్టుముడతారు. వద్దనుకుంటే మొదటే గట్టిగా వద్దనండి. కావాలనుకుంటే మొత్తం ఎంతో గుడి బయటే తేల్చుకోండి. దక్షిణేశ్వరం, బేలూరు మఠం రెండూ మధ్యాహ్నం మూసేస్తారు. ఇది తెలియక ఎండలో మెట్లమీద కూర్చునే తెలుగు కుటుంబాలు ఏటా ఉంటాయి. మీరు భోంచేసి, ఓ కునుకు తీసి, మెట్రోలో దక్షిణేశ్వరం వెళ్ళండి. మూడున్నర ప్రాంతంలో తలుపులు తీస్తారు. రాణీ రాస్‌మణి 1855లో కట్టించిన గుడి అది. ఫోన్లూ సంచులూ బయటే అప్పగించాలి. దర్శనం అవగానే రేవులో పడవ ఎక్కితే సంధ్యాహారతి వేళకు బేలూరులో ఉంటారు. మీ మామగారికి మిగతా రెండు రోజులు గుర్తుండకపోయినా ఆ పడవ ప్రయాణం గుర్తుంటుంది.

ప్రశ్న: హౌరా స్టేషన్ దగ్గర లాడ్జీలు చవకంటున్నారు. అదే ధరకు న్యూటౌన్‌లో కొత్త హోటల్ కూడా దొరుకుతోంది. ఎక్కడ దిగమంటారు?
- ఒక ఉద్యోగి, ఖమ్మం

జవాబు: రెండూ వద్దంటాను. హౌరా వైపు దిగితే ప్రతిరోజూ వంతెన దాటాలి. న్యూటౌన్ విమానాశ్రయం వైపు ఉంటుంది. గది పెద్దదే గానీ మీరు చూడాల్సినవేవీ అక్కడ లేవు. గదిలో మిగిల్చింది టాక్సీకి పోస్తారు. ఎస్‌ప్లనేడ్, చాందినీ చౌక్, పార్క్ స్ట్రీట్, రవీంద్ర సదన్ - ఈ మెట్రో స్టేషన్లకు నడిచి వెళ్ళగలిగే దూరంలో చూసుకోండి. సడ్డర్ స్ట్రీట్‌లో చవక గదులు ఉన్నాయి, కుర్రాళ్ళకు ఫరవాలేదు. కుటుంబంతో అయితే గది చూశాకే డబ్బు కట్టండి.

ఫోన్లో అడగాల్సినవి వేరే ఉన్నాయి. కిటికీ ఉందా? పాత భవనాల్లో కిటికీ లేని గదులు చాలా ఉంటాయి, ఫొటోలో అది తెలియదు. లిఫ్టు ఉందా? అక్కడి పాత మెట్లు నిలువుగా ఉంటాయి. పొద్దున ఏడింటికి దిగితే గది ఇస్తారా, పన్నెండు దాకా కూర్చోబెడతారా? ఇవ్వనంటే సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టి తిరగొచ్చు. సంచీలకు తాళం ఉండాలి, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి.

ఇంకోమాట. సికింద్రాబాద్ నుంచి వెళ్ళే ఫలక్‌నుమా హౌరాకే చేరుతుంది. కోరమాండల్, ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లు ఇప్పుడు షాలిమార్‌లో ఆగిపోతాయి. అదీ నదికి హౌరా వైపే గానీ వేరే స్టేషన్, అక్కడ మెట్రో లేదు. తిరుగు ప్రయాణంలో టికెట్ మీద స్టేషన్ పేరు చదవకుండా హౌరాకు పరుగెత్తి రైలు పోగొట్టుకోకండి.

ప్రశ్న: మేం గుడ్డు కూడా ముట్టని శాకాహారులం. కలకత్తాలో 'హిందూ హోటల్' అని బోర్డులు ఉంటాయట. అక్కడ ధైర్యంగా తినొచ్చా?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఆ బోర్డుకూ శాకాహారానికీ సంబంధం లేదు. అక్కడ బ్రాహ్మలు కూడా చేప తింటారు. పప్పే కదా అని వేయించుకుంటే అందులో చేపతల ఉండొచ్చు. అరటిపువ్వు కూరలో రొయ్యలు కలపడమూ ఉంది. వడ్డించకముందే "నిరామిష్" అనండి, అర్థమవుతుంది.

అలాగని బిస్కెట్లతో గడపనక్కరలేదు. పొద్దున వీధి చివర కచూరీ, బంగాళాదుంప కూర దొరుకుతాయి. భోజనంలో లూచీ, కొబ్బరి ముక్కలు వేసిన శనగపప్పు, గసగసాలు నూరి వండిన ఆలూ పోస్తో, వంకాయ వేపుడు చెప్పండి. వాసన కొత్తగా ఉంటే అది ఆవనూనె. రెండో పూటకు అలవాటవుతుంది, కాకపోతే లేక్ మార్కెట్ ప్రాంతానికి వెళ్ళండి. దక్షిణాదివాళ్ళు ఏనాడో స్థిరపడ్డ పేట అది, ఇడ్లీ సాంబారుకు లోటుండదు. చలికాలంలో కొత్త ఖర్జూరబెల్లంతో చేసే సందేశ్ మాత్రం వదలకండి. రసగుల్లాలు డబ్బాలో ఇక్కడా దొరుకుతాయి, ఈ బెల్లం సందేశ్ ఆ నాలుగు నెలలే.

చేప తినేవాళ్ళకు ఇదే సందర్భంలో చెబుతున్నా. కాలేజ్ స్ట్రీట్ పక్క సందులో స్వాధీన్ భారత్ హిందూ హోటల్ లాంటి పాతకాలపు 'పైస్ హోటళ్ళు' కొన్ని మిగిలాయి. అరిటాకులో వడ్డిస్తారు. ఏది వేయించుకుంటే దానికే డబ్బు. ఆకుకూ నిమ్మచెక్కకూ విడిగా పైసలు వేసినా ఆశ్చర్యపోకండి, వాళ్ళ పద్ధతే అది. పార్క్ స్ట్రీట్‌లో పేరున్న రెస్టరెంటు ముందు వరసలో నిలబడి తినేదానికన్నా ఇక్కడి భోజనానికే నా ఓటు.

ప్రశ్న: కలకత్తా బిర్యానీలో బంగాళాదుంప వేస్తారట కదా! బిర్యానీకి ఇంతకంటే అవమానం ఉందా?
- ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: తిన్నాక మాట్లాడు నాయనా. 1856లో ఇంగ్లీషువాళ్ళు రాజ్యం లాక్కుంటే అవధ్ నవాబు వాజిద్ అలీ షా కలకత్తా శివారు మటియాబుర్జ్ చేరాడు. ఆయన వెంట వచ్చిన వంటవాళ్ళ చేతి వంట ఇది. మాంసం కొనలేక దుంప వేశారని కొందరు, ఆ రోజుల్లో దుంపే కొత్త వింత కాబట్టి వేశారని కొందరు అంటారు. కారం ఉండదు, అత్తరు వాసన ఉంటుంది, గుడ్డు ఉంటుంది. మిర్చీ కా సాలన్ అడగకు. ఆమీనియా, అర్సలాన్ రెండూ పేరున్నవే. మాంసం రసం పీల్చిన ఆ దుంప కోసం బల్ల దగ్గర అన్నదమ్ములు తగువులాడుకోవడం ఆ ఊళ్ళో మామూలే.

ప్రశ్న: దసరా సెలవుల్లో అమ్మానాన్నలను తీసుకుని దుర్గాపూజ చూడటానికి వెళ్దామనుకుంటున్నాం. సలహా ఇవ్వండి.
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ ఒక్కరికైతే తప్పకుండా వెళ్ళమంటాను. అమ్మానాన్నలతో సప్తమి నుంచి నవమి దాకా వద్దు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రద్దీ ఇంకా పెరిగింది, హోటళ్ళవాళ్ళు రేట్లు పెంచేస్తారు, సాయంత్రమైతే వీధుల్లో కారు కదలదు. చవితి, పంచమి నాటికే చాలా పందిళ్ళు సిద్ధమవుతాయి. ఆ రెండు రోజులూ పొద్దున పూట తిప్పండి. విగ్రహాలు తయారయ్యే కుమార్‌తులీకి పండగకు రెండు వారాల ముందు వెళ్తే పందిట్లో కంటే దగ్గరగా, జనం తోపులాట లేకుండా అమ్మవారిని చూడొచ్చు. అప్పటికి ఒంటికి మట్టే ఉంటుంది, చీర కట్టి ఉండదు.

ప్రశ్న: ఇంగ్లీషువాళ్ళ భవనాల మీద నాకు ఆసక్తి లేదు. తెలుగువాడు ప్రత్యేకంగా చూడాల్సినదేమైనా కలకత్తాలో ఉందా?
- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: ఉంది మాస్టారూ. మీ పాత గుంటూరు జిల్లా రాళ్ళే అక్కడున్నాయి. 1814లో మొదలైన ఇండియన్ మ్యూజియంలో జనమంతా ఈజిప్టు మమ్మీ దగ్గర మూగుతారు. మీరు శిల్పాల వైపు నడవండి. అమరావతి స్తూపం శిల్పాలు కొన్ని అక్కడ ఉన్నాయి. దిబ్బ తవ్వుకుపోతున్న రోజుల్లో అమరావతికి వచ్చిన కాలిన్ మెకంజీ, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించి, కొన్ని పలకలు కలకత్తాకు పంపించాడు. మద్రాసుకూ లండనుకూ చేరినవాటితో పోలిస్తే ఇవి తక్కువే. అదే మ్యూజియంలో భర్హుత్ స్తూపం రాతి కంచె కూడా ఉంది. రెండూ ఒకే పూట చూస్తే మధ్యదేశపు ఉలికీ కృష్ణాతీరపు ఉలికీ తేడా మీకే తెలుస్తుంది. ఈ ఒక్క పని కోసం మ్యూజియంలో రెండు గంటలు ఖర్చుపెట్టినా దండగ కాదు.

మన ఊళ్ళ కైఫీయతులు సేకరించిన ఆ మెకంజీ 1821లో పోయాడు. సమాధి పార్క్ స్ట్రీట్ పాత శ్మశానంలోనే ఉంది. సంస్కృతం చదువుకున్న విలియం జోన్స్ సమాధీ అక్కడిదే. చెట్ల నీడలో పిరమిడ్లలాంటి కట్టడాల మధ్య నడక బాగుంటుంది, దోమలకు మందు రాసుకుని వెళ్ళండి. మెకంజీకి కుడిభుజంగా పనిచేసినవాళ్ళు ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. దక్షిణాది కవుల జీవితాల మీద రామస్వామి ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1829లో అచ్చయింది కలకత్తాలోనే. సమాధి ఫలకం దొర పేరు చెబుతుంది, ఈ ముగ్గురి పేర్లు మనమే చెప్పుకోవాలి.

ఓపిక మిగిలితే జొరసాంకో వెళ్ళండి. రవీంద్రుడు 1861లో పుట్టిందీ, 1941లో కన్నుమూసిందీ ఆ ఇంట్లోనే. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది 1919లో మన మదనపల్లెలో అని మీకు వేరే చెప్పాలా! చదివే అలవాటున్నవారు కాబట్టి ఇంకొక్కటి: అలీపూర్‌లోని నేషనల్ లైబ్రరీలో తెలుగు పుస్తకాల విభాగం ఉంది. గుర్తింపు కార్డు పట్టుకెళ్ళండి.

ప్రశ్న: ట్రాం ఎక్కాలని మా పాప కోరిక. ఎక్కడ దొరుకుతుంది?
- ఒక తండ్రి, శ్రీకాకుళం

జవాబు: 1873లో గుర్రాలతో, 1902 నుంచి కరెంటుతో నడిచిన బండి అది. ఇప్పుడు దారులు దాదాపు అన్నీ మూసేశారు. ఎస్‌ప్లనేడ్ డిపో దగ్గర విచారించండి, కనిపిస్తే ఎటు పోతుందని అడక్కుండా ఎక్కేయండి. పాపకు మాత్రం నది మీద ఫెర్రీ ఎక్కిస్తానని మాటివ్వండి, అది కచ్చితంగా నడుస్తుంది, టికెట్టు కూడా కొద్ది రూపాయలే.

వచ్చేసారి హైదరాబాద్ గురించి. ఉత్తరం రాసేటప్పుడు ఎంతమంది, వయసులెంత, ఏయే వారాలు, రోజుకు ఎంత ఖర్చు పెట్టగలరు - ఈ నాలుగూ తప్పక రాయండి. అవి లేని ప్రశ్నలకు జవాబు ఇవ్వలేం.