నడివయసున దేహభారము

మన పెద్దలలో పలువురు తెలంగాణమున గుంటమగ్గములపై కాళ్లతో తొక్కి, చేతులతో నాడె విసరి బట్ట నేసిరి. ఆ శ్రమ తిన్న అన్నమును హరించెడిది. నేడు గైబీ నగరులో సాంచాలను విద్యుత్తు నడుపుచున్నది. పళ్లెములోని అన్నము మాత్రము తగ్గలేదు. సాంచాల నడుమ గంటలకొలది నిలుచుట అలసట గలిగించును గాని, చాలినంత వ్యాయామము గాదు.

నలువది యేండ్లు దాటిన పిమ్మట కండ క్రమముగా క్షీణించును. మిగులు ఆహారము నడుమున కొవ్వుగా చేరును. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో మధుమేహ, హృద్రోగములకు అది హెచ్చరిక.

కావున ఒక గరిటెడు అన్నము తగ్గించి పప్పు, ఆకుకూరలు హెచ్చింపుడు. తేనీటిలో చక్కెరను, బజారు వడాపావును తగ్గింపుడు. వారమునకు 150 నిమిషములైనను వడిగా నడువుడు. బిడ్డలను బండిపై గాక నడిపించుకొని బడికి తెచ్చినను అందు కొంత తీరును. సంపాదించువారు మంచము పట్టినచో బిడ్డల చదువు మధ్యనే నిలిచిపోవును.