పప్పుడకని నీరు చెప్పు పాఠము

బావినీటిని గురించి రైతు సోదరులకు, గృహిణులకు చెప్పబోవునప్పుడు నా పొరపాటుతోనే మొదలు పెట్టుట న్యాయము. కొన్నేళ్ల క్రిందట బాపట్ల తీరపు ఇసుక నేలలలో ఒక గ్రామమునకు కూరగాయల మళ్లు చూడబోయితిని. ఒక ఇంట మజ్జిగ ఇచ్చుచు ఆ ఇల్లాలు, "ఏమండీ ఆఫీసరుగారూ, ఈ ఏడు మా బోరు నీళ్లలో కందిపప్పు ఉడకటం లేదు. సబ్బు అరిగిపోతోందిగాని నురగ రావటం లేదు. నిరుడు ఇట్లా లేదు" అన్నది. "పప్పు పాతదయి ఉంటుందమ్మా, ఈసారి వేరే కొట్లో తెచ్చి చూడండి" అని చెప్పి వచ్చితిని. మరుసటి వేసవిలో వారి వంగ, బెండ మొక్కల ఆకులు అంచులవెంట మాడినవి. బోరునీటిని పరీక్ష చేయించగా ఉప్పు హెచ్చినట్లు తేలినది. పొలముకంటె ఏడాది ముందే వంటిల్లు ఆ సంగతి చెప్పినది. వినవలసిన నేను వినలేదు.

కఠినజలమనగా నేమి?

సున్నపు ధాతువైన కాల్షియము, మెగ్నీషియము లవణములు అధికముగా కరిగియున్న నీటిని కఠినజలమందురు. ఇందు రెండు విధములు గలవు. బైకార్బొనేట్ల వలన కలుగు కాఠిన్యము తాత్కాలికము. నీటిని మరగించిన అది తెల్లని పొడిగా అడుగున దిగును. క్లోరైడులు, సల్ఫేట్ల వలన కలుగు కాఠిన్యము శాశ్వతము. ఎంత మరగించినను పోదు. త్రాగునీటికి 2012లో ప్రకటింపబడిన భారతీయ ప్రమాణము ప్రకారము కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండుట మంచిది. వేరే నీటివసతి లేనిచోట 600 వరకు అనుమతింపబడినది.

మన నీటికిది ఎట్లు వచ్చును?

ఎడారి గ్రామములలో కఠినజలమున్నదనిన వింత లేదు. కాలువల నడుమనున్న మనకీ కష్టమేల అని అడుగవచ్చును. కృష్ణపై బెజవాడవద్ద 1855లో ఆనకట్ట పూర్తియైనది. 1957లో దానికి బదులు ప్రకాశం బ్యారేజి వచ్చినది. తెనాలి మొదలు రేపల్లె, బాపట్ల చివరి భూములవరకు కాలువనీరే ఆధారము. కాలువలు కట్టివేసిన వేసవిలో మాత్రము ఊరిచెరువు అడుగంటిన కొలది జనము బావులను, బోర్లను ఆశ్రయింతురు.

ఈ డెల్టా భూమి సముద్రమునకు చేరువ. తీరపు ఇసుక నేలలలో వాననీరు ఇంకి, క్రిందనున్న ఉప్పునీటిపై తేలి నిలుచును. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. లోతున చాలచోట్ల పూర్వకాలపు సముద్రము విడిచిపోయిన ఉప్పునీరు కూడ గలదు. కావున "లోతుకు పోయినకొలది మంచినీరు" అను నమ్మకము ఇచ్చట చెల్లదు.

మంచినీటి మట్టము సముద్రమట్టముకంటె 1 అడుగు ఎత్తుననున్నచో, దానిక్రింద సుమారు 40 అడుగులవరకు మంచినీరు నిలువగలదు. ఈ లెక్కను 19వ శతాబ్ది చివర హాలెండువాడైన గైబెన్, 1901లో జర్మనీవాడైన హెర్జ్‌బర్గ్ వేర్వేరుగా చెప్పిరి. దీనిని తిరగవేసి చూడుడు. విపరీతముగా తోడి నీటిమట్టమును 1 అడుగు దింపి అట్లే ఉంచినచో, అడుగున ఉప్పునీరు కాలక్రమమున 40 అడుగులవరకు పైకి లేవవచ్చును.

సముద్రపు నీటిలో ఉప్పుతోపాటు మెగ్నీషియము, కాల్షియము కూడ విస్తారముగా గలవు. దాని కాఠిన్యము లీటరుకు 6 గ్రాములకు పైమాటే. 19 బిందెల మంచినీటిలో 1 బిందె సముద్రపు నీరు కలిసినచో, కాఠిన్యము లీటరుకు సుమారు 300 మిల్లీగ్రాములు, క్లోరైడు 900 మిల్లీగ్రాములకు పైగా పెరుగును. ఉప్పదనము కొద్దికొద్దిగా హెచ్చునప్పుడు నాలుక దానికి అలవాటు పడును. సబ్బు, పప్పు అలవాటు పడవు. అందువలననే అవి ముందుగా చెప్పును.

ఇంటిలో కలుగు నష్టము

కాఠిన్యము 500 మిల్లీగ్రాములున్న నీటిని 15 లీటర్ల బక్కెట్టెడు తీసికొనుడు. నురగ నిలువకముందే అందులో సుమారు 45 గ్రాముల సబ్బు తెల్లని మడ్డిగా మారి వ్యర్థమగును. ఆ మడ్డి బట్టలకంటి నేత నెరసిపోవును. తలకంటి జుట్టు చిక్కుపడును. కాల్షియము పప్పు పైపొరను గట్టిపరచుటచే పప్పు ఆలస్యముగా ఉడుకును; వంటచెరకో గ్యాసో అదనముగా ఖర్చగును. నీళ్లుకాచు గిన్నెలకు గార కట్టును. సబ్బు కలిపి చల్లు వేపనూనె మందు విరిగి, స్ప్రేయరు నోటికి అడ్డుపడును.

కఠినజలము త్రాగినందున మాత్రమే జబ్బు కలుగునని రుజువు కాలేదు. ఆ భయము వలదు. కాని త్రాగునీటికి ఉప్పు, క్లోరైడు, ఫ్లోరైడు, సూక్ష్మజీవుల పరీక్ష వేరుగా చేయించవలెను.

ఇంటిలోనే పరీక్ష

రెండు ఒకేతీరు సీసాలు తీసికొని, ఒకదానిలో వాననీరు, మరొకదానిలో బావినీరు సగమువరకు పోయుడు. వాననీటిలో కరగించిన మామూలు సబ్బునీటిని రెంటిలోను ఒకేలెక్కన చుక్కలు వేసి కుదుపుడు. డిటర్జెంటు పొడి ఈ పరీక్షకు పనికిరాదు. బావినీటిలో నురగ నిలువనిచో అది కఠినజలము. అదే నీటిని మరగించి, చల్లార్చి, వడకట్టి మరల చూడుడు. ఇప్పుడు నురగ వచ్చినచో కాఠిన్యము తాత్కాలికము. అప్పటికిని రానిచో శాశ్వతము. తీరప్రాంతమున అట్టి నీటికి ఉప్పు పరీక్ష తప్పక చేయించవలెను.

పరీక్షకు పంపునప్పుడు మోటారు కొంతసేపు ఆడిన తరువాత, సీసాను ఆ నీటితోనే మూడుసార్లు తొలిచి నింపవలెను. తేదీ, బోరు లోతు వ్రాసి అంటించవలెను. కాలువలు రాకముందు మే నెలలో ఒకసారి, వానలు వెనుకబడిన తరువాత ఒకసారి పరీక్షించిన మార్పు తెలియును.

గృహిణులు చేయదగినవి

1. పప్పునకు, త్రాగుటకు వాననీటిని పట్టుకొనుడు. 50 చదరపు మీటర్ల డాబాపై 50 మిల్లీమీటర్ల వాన కురిసిన 2,500 లీటర్లు. వృథాపోగా 2,000 లీటర్లు దక్కును. మనకంటె ఎంతో తక్కువ వానగల రాజస్థాన్ ఎడారిలో టాంకాలను నేల తొట్లలో వాననీటిని దాచుకొని ఏడాదంతయు త్రాగుదురు. తొలివాన నీటిని విడిచిపెట్టి, తొట్టికి మూత వేయవలెను.

2. బట్టలకు పైన చెప్పిన బక్కెట్టులో సుమారు 8 గ్రాముల బట్టలసోడా కలిపి, తేరిన పై నీటిని వాడుడు. 8 గ్రాముల సోడా 45 గ్రాముల సబ్బును కాపాడును. ఈ నీరు త్రాగరాదు, మొక్కలకు పోయరాదు.

3. పప్పులో వంటసోడా వేసిన త్వరగా ఉడుకునుగాని, బి1 విటమిను నశించును. పప్పును మరగించి వడకట్టిన నీటిలో నానబెట్టి ఉడికించుట మేలు.

4. పటిక, ఇండుపగింజ బురదను దింపును; కాఠిన్యమును తీయవు. గిన్నెల గారకు చింతపండు పులుసు చాలును.

5. ఆర్.ఓ. యంత్రము కాఠిన్యమును, ఉప్పును రెంటిని తగ్గించును. అది విడిచిపెట్టు నీటిలో లవణములు కూడబెట్టియుండును. దానిని బావి దగ్గర పారబోయరాదు.

బోరు వేయించు రైతులకు

మన పెద్దలు ఇసుక నేలలలో లోతులేని దొరువులు త్రవ్వి, కడవలతో ముంచి నారుమళ్లు తడిపిరి. పై మంచినీటినే తీసిరి. క్రింది ఉప్పునీటిని కదిలింపలేదు. ఈ సూత్రముపైనే బాపట్ల వ్యవసాయ పరిశోధకులు మెరుగుపరచిన దొరువును రూపొందించిరి. తక్కువ లోతున చిల్లుల గొట్టములను అడ్డముగా పరచి, నీటిని ఒక గుంటలోనికి చేర్చి, అక్కడినుండి తోడుదురు. ఒక్కచోట లోతుగా పీల్చుటకు బదులు, వెడల్పుగా పైపైన తీయుటయే ఇందలి కిటుకు.

కావున తీరభూములలో బోరును లోతు చేయకముందు సలహా పొందుడు. మోటారును ఏకధాటిగా నడుపక విరామమిచ్చి నడుపుడు. వాననీరు ఇంకుటకు గుంటలు త్రవ్వుడు. ఉప్పెక్కిన నీటిపొర తిరిగి మంచిదగుటకు ఎన్నో వానకాలములు పట్టును.

ఆ ఇంటివారు తరువాత బోరును విడిచి దొరువు వేయించుకొనిరి. నేనిప్పుడు ఏ ఊరు పోయినను పొలము చూడకముందు ఇల్లాలిని ఒక ప్రశ్న అడుగుదును: "పప్పు బాగా ఉడుకుతోందా అమ్మా?" మీ ఇంట ఈ ఏడు జవాబు మారినచో, కొట్టువానిని నిందింపకుడు. సీసాతో నీటిని తీసికొని మా కార్యాలయమునకు రండు.