పేరు తీసేస్తే సరిపోతుందా?

చి. స్వాతికి,

రోగుల వివరాలకి ఎన్‌క్రిప్షనా, అనానిమైజేషనా అని మీ టీమ్‌లో వాదన తెగడం లేదని రాశావు. రెండూ ఒకే పని చేసేవైతే ఏది మేలో తేల్చొచ్చు. ముందు ఇది చూసుకోండి: ఆ వివరాలు చదివినవాళ్లకి మళ్లీ ఆ మనిషితో పని ఉందా? డాక్టరుకి ఉంది. రక్తపరీక్ష ఫలితం ఎవరిదో తెలియకపోతే వైద్యమే లేదు. కాబట్టి అక్కడ ఎన్‌క్రిప్షనే. ఏ జిల్లాలో షుగరు ఎక్కువుందో లెక్కకట్టేవాళ్లకి మనిషితో పనిలేదు. అక్కడ కావలసింది, మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా చేసే అనానిమైజేషన్. వాళ్లకి ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాతోపాటు కీ కూడా ఇస్తే, అంతా విప్పి ఇచ్చినట్టే కదమ్మా.

ఎన్‌క్రిప్షన్ గురించి ఎక్కువ రాయను. ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి 2001 నుంచీ ప్రమాణంగా నిలబడే ఉంది. బెంగంతా కీ గురించే. డేటాబేసున్న సర్వర్లోనే కీ ఉంచడమంటే, ఇంటికి తాళం వేసి చెవి గుమ్మం పక్క గూట్లో పెట్టడమే.

నాకు అసలు భయం రెండోదానితో, అనానిమైజేషన్‌తో. 1990లలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య బీమా చూసే సంస్థ, పేర్లు తీసేసి ఆసుపత్రి రికార్డులను పరిశోధకులకిచ్చింది. లటాన్యా స్వీనీ అప్పుడు ఎంఐటీలో చదువుతోంది. 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి ఓటర్ల జాబితా కొని, రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. ఆ రాష్ట్ర గవర్నర్ విలియం వెల్డ్ పుట్టినతేదీ ఉన్నవాళ్లు ఆరుగురు, వాళ్లలో మగవాళ్లు ముగ్గురు, ఆయన జిప్‌కోడ్‌లో ఒక్కడే. అలా ఆయన వైద్యం వివరాలు దొరికిపోయాయి. మన దగ్గర బళ్లో వేసేటప్పుడు అయ్యవారు రాసిన జూన్ 1 పుట్టినరోజులు చాలానే ఉన్నా, ఆ గుంపులో మనిషి కలిసిపోతాడని నమ్ముకోకండి.

ఫోన్ నంబర్లను హ్యాష్ చేశాం, ఇక ఫర్వాలేదని మీవాళ్లు అంటున్నారట. 2014లో న్యూయార్క్ టాక్సీ ప్రయాణాల డేటాలో బండి నంబర్లకి ఎండీ5 హ్యాష్ చేసే ఇచ్చారు. సాధ్యమైన నంబర్లన్నిటికీ హ్యాష్ కట్టి పోల్చేసరికి గంటల్లో అసలువి బయటపడ్డాయి. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పదంకెలవి. ఎంత లెక్కేసినా 400 కోట్లకి మించవు, కంప్యూటరుకి అదేం పెద్ద పని కాదు. రహస్య కీ కలిపి హ్యాష్ చేస్తే గట్టిపడుతుంది గానీ, కీ ఉన్నవాడికి మనిషి దొరుకుతాడు. దాన్ని మారుపేరు అనండి, అనామకం అనకండి.

లెక్కలవాళ్లకిచ్చే కాపీలో పుట్టినతేదీ బదులు పదేళ్ల వయసు గుంపు, పిన్‌కోడ్ బదులు జిల్లా పెట్టండి. ఇద్దరు ముగ్గురికే ఉన్న అరుదైన జబ్బుల వరుసలు తీసేయండి. లెక్కలు కొంచెం మొద్దుబారతాయి, సర్దుకోమనండి. ఆ కాపీని కూడా ఎన్‌క్రిప్ట్ చేసే ఉంచండి.

శుక్రవారం మీటింగ్‌లోపు మీ టేబుళ్లలోని కాలమ్‌ల పేర్లు నాకు పంపు. పేర్లు మాత్రమే, లోపలి డేటా వద్దు.

ఇట్లు,
పెదనాన్న