ఆకాశమార్గంలో మాట విలువ

ఆకాశానికి ఎల్లలు లేవని కవులు భావించారు. కాని విమానం నడుపగోరే విద్యార్థికి తొలిపాఠంలోనే ఇందుకు విరుద్ధమైన సత్యం తెలియవస్తుంది. 1944 డిసెంబరు 7వ తేదీన షికాగో నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక మొదటి అధికరణం ప్రకారం, ప్రతి రాజ్యానికీ తన భూభాగంపై గల గగనతలం మీద సంపూర్ణ సార్వభౌమాధికారం ఉన్నది. నేలమీద సరిహద్దులు ఉన్నట్లే నింగిలోనూ ఉన్నవి. కంటికి కనిపించవు, అంతే భేదం. కనిపించని ఆ ఎల్లలను పైలట్ మాటల ద్వారానే గుర్తెరుగవలె.

నేను భాషోపాధ్యాయుడను, విమాన చోదకుడను కాను. అయినను, వాణిజ్య పైలట్ కావలెనని కోరుకొనే విద్యార్థులు కొందరు "మేము తెలుగు మీడియంలో, ఉర్దూ మీడియంలో చదివినవారం. ఆ ఇంగ్లీషు మాకు పట్టుబడుతుందా సార్?" అని అడుగుతుంటారు. వారికి సమాధానంగా ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

గగనతల విభజన

భారత గగనతలం ప్రధానంగా ఢిల్లీ, ముంబయి, కోల్‌కత, చెన్నై అనే నాలుగు విమాన సమాచార మండలాలుగా విభజింపబడినది. మన హైదరాబాదు చెన్నై మండలంలోనిది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ గగనతలాన్ని 'ఏ' నుండి 'జి' వరకు ఏడు తరగతులుగా వర్గీకరించినది. 'ఏ' తరగతిలో పరికరాల నియమావళి ననుసరించి ఎగిరే విమానాలకు మాత్రమే ప్రవేశం. వాటన్నింటినీ ఒకదానికొకటి ఎడంగా నడిపించే బాధ్యత నియంత్రణాధికారిది. 'జి' తరగతిలో నియంత్రణ లేదు. అడిగిన వారికి సమాచారం మాత్రం లభిస్తుంది. కనుక తరగతుల పేర్లు కంఠస్థం చేసినంత మాత్రాన చాలదు. "ఇక్కడ ఇతర విమానాల నుండి నన్ను ఎడంగా ఉంచే భారం ఎవరిది?" అని ప్రతిచోటా ప్రశ్నించుకోవలె.

ఇవిగాక మూడు విధాల ప్రత్యేక ప్రాంతాలు కలవు. నిషిద్ధ ప్రాంతంలో ఎగురరాదు. నియంత్రిత ప్రాంతంలో నిర్ణీతమైన షరతులకు లోబడి మాత్రమే ఎగురవచ్చు. ప్రమాద ప్రాంతంలో నిర్ణీత వేళలలో విమానాలకు ముప్పు కలిగించే కార్యకలాపాలు జరుగవచ్చు.

చదివే మాట

ఈ వివరాలన్నీ 'ఏరోనాటికల్ ఇన్ఫర్మేషన్ పబ్లికేషన్' అనే గ్రంథంలో ఉంటవి. మన దేశంలో దీనిని భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ప్రచురిస్తుంది. సాధారణ విషయాలు, ప్రయాణ మార్గాలు, విమానాశ్రయాలు అని ఇది మూడు భాగాలు. ముఖ్యమైన మార్పులు 28 రోజుల కొకమారు, ముందే ప్రకటించిన తేదీలలో అమలుకు వస్తవి. ఈ క్రమాన్ని 'ఎయిరాక్' అంటారు. రన్‌వే మూసివేత, దీపాల వైఫల్యం, సమీపంలో నిలిపిన ఎత్తైన క్రేను వంటి తాత్కాలిక విషయాలు 'నోటామ్' అనే ప్రకటనల ద్వారా తెలుస్తవి.

నోటామ్‌లోని వేళలు మన గడియారపు వేళలు కావు. సార్వత్రిక కాలమానంలో ఉంటవి. వాటికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన వేళ వస్తుంది. మనకు తెల్లవారుజామున 4 గంటలంటే ఆ లెక్కలో ముందురోజు రాత్రి 22.30. వేళతోపాటు తేదీ కూడా మారినదని గమనించని విద్యార్థి, మూసివేసిన రన్‌వే తెరచి ఉన్నదని భ్రమపడగలడు.

వినే మాట

పైలట్, నియంత్రణాధికారి సంభాషించుకొనేది సాధారణంగా 118 నుండి 137 మెగాహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలపై. ఈ తరంగాలు ఇంచుమించు సరళరేఖలో సాగుతవి. కావున ఎత్తు తగ్గినకొద్దీ వినికిడి దూరమూ తగ్గుతుంది. అడుగులలో ఎత్తుకు వర్గమూలం కట్టి 1.23తో హెచ్చించితే, నేలమీది కేంద్రంతో మాట్లాడగల దూరం నాటికల్ మైళ్ళలో సుమారుగా లభిస్తుంది. 10,000 అడుగుల ఎత్తులో అది 123 మైళ్ళు. 2,500 అడుగులలో 61 మైళ్ళు మాత్రమే. ఆపదలో ఉపయోగించే పౌనఃపున్యం 121.5. రేడియో మూగబోతే ట్రాన్స్‌పాండరుపై 7600, ఇతర ఆపదలలో 7700, విమానం అపహరణకు గురైతే 7500 అనే సంకేతాలు పెట్టవలె.

ఒక పౌనఃపున్యంపై ఒక సమయంలో ఒకరే మాట్లాడవలె. ఇద్దరు ఒకేమారు మాట్లాడితే వినేవారికి కీచుమనే రొద వినిపించి మాటలు చెడిపోతవి. 1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపంలో దట్టమైన మంచు నడుమ ఇదే జరిగినది. వేచి ఉండుమని నియంత్రణాధికారి చెప్పిన మాట, తామింకా రన్‌వే మీదనే ఉన్నామని పాన్ అమెరికన్ విమానం చెప్పిన మాట ఒకదానిపై ఒకటి పడినవి. కె.ఎల్.ఎమ్. విమానం అనుమతి లేకుండానే పరుగు తీసినది. 583 మంది మరణించారు. 'టేకాఫ్' అనే పదాన్ని అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప ఉచ్చరించరాదన్న నియమం ఆ విషాదం నేర్పిన పాఠమే.

తిరిగి పలికే మాట

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీదుగా రెండు విమానాలు ఎదురెదురుగా వస్తున్నవి. సౌదీ విమానానికి 14,000 అడుగులు, కజక్ విమానానికి 15,000 అడుగులు నిర్దేశింపబడినవి. కజక్ విమానం తనకు నిర్దేశించిన ఎత్తుకన్న క్రిందికి దిగినది. రెండూ ఢీకొని 349 మంది అసువులు బాసిరి. వారిలో ఉపాధికై పరదేశం వెళ్తున్న మన దేశపు శ్రామికులు ఎందరో కలరు. కజక్ సిబ్బందికి ఆంగ్ల పరిజ్ఞానం చాలకపోవటాన్ని కూడా విచారణలో గుర్తించారు. పెద్ద విమానాలలో, ఎదురుగా వచ్చే విమానాన్ని గుర్తించి హెచ్చరించే పరికరాన్ని భారతదేశం తప్పనిసరి చేసినది ఈ ఘోరం తరువాతనే.

విద్యార్థులారా! ఈ ఉదంతం విని భయపడనక్కరలేదు. రేడియోలో కావలసినది కావ్యభాష కాదు. పరిమిత పదాలు, స్పష్టమైన అంకెలు, అనుకోనిది జరిగినప్పుడు తేటగా చెప్పగల సామాన్య భాష చాలు. అంతర్జాతీయ పైలట్‌కు అవసరమైన ఆంగ్లస్థాయి ఆరింటిలో నాలుగవది. 'రోజర్' అంటే "మీరు చెప్పినది పూర్తిగా అందినది" అని మాత్రమే. "సరే" అని కాదు. 'విల్కో' అంటే "గ్రహించితిని, అట్లే చేయుదును" అని. ఎత్తు, దిశ, రన్‌వే సంఖ్య, అనుమతి వంటివాటిని విన్నది విన్నట్లు తిరిగి పలుకవలె. తప్పుంటే అధికారి అక్కడికక్కడే దిద్దుతాడు.

ఇది మనకు క్రొత్త విద్యా? తెలుగు తరగతిలో పద్యం అప్పజెప్పటం, ఉర్దూ తరగతిలో సబక్ వినిపించటం ఇదే కదా! ఒక అక్షరం తప్పితే గురువు మరల చెప్పించేవాడు. బడిలో ఆ తప్పుకు మందలింపుతో సరిపోయినది. ఆకాశంలో మూల్యం ప్రాణాలు. కావున విన్నది సందేహంగా ఉన్నప్పుడు "మరల చెప్పండి" అని అడుగటానికి సిగ్గుపడరాదు. వచ్చీరాని భాషలో తలఊపే వానికన్న, రానిచోట ఆగి అడిగేవాడే మంచి పైలట్. మంచి విద్యార్థి లక్షణమూ అదే.