గోడ పక్క జిల్లేడు చెట్టు – చూడవలసిన పాఠం



సైన్సు నోటుబుక్కులో సీతాకోకచిలుక జీవితచక్రం బొమ్మ మనమందరం వేసినవాళ్లమే. గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక. ఆ బొమ్మలో ఉన్నదంతా మన స్నానాల గదుల వెనక గోడ పక్కనే జరుగుతాంది. చూసేదానికి యాడికీ పోనక్కర లేదు.

మన సోమందేపల్లె పక్క వానలెంత తక్కువో అందరికీ తెలుసు. అయినా ఎవరూ చెంబెడు నీళ్లు పోయకుండానే ఆ గోడ పక్క జిల్లేడు, తంగేడు పచ్చగా ఉండాయి. జిల్లేడును మనం వినాయక చవితికి పత్రిలోనూ, రథసప్తమి స్నానానికీ తప్ప తలచుకోము. మేకలు కూడా మామూలుగా దాని జోలికి పోవు. దాని పాలు విషం.

ఆ విషపు ఆకే ఒక సీతాకోకచిలుకకు పుట్టిల్లు. నారింజ రంగు రెక్కలు, కొసల్లో నలుపు, ఆ నలుపులో తెల్ల మచ్చలు. ఇంగ్లీషులో ప్లెయిన్ టైగర్ అంటారు. తల్లి ఆకు అడుగున ఒక్కొక్క గుడ్డే పెట్టి పోతుంది. పురుగు బయటికొచ్చి మొదట గుడ్డు పెంకునే తింటుంది. తర్వాత ఆకు. పెద్దదయ్యేలోగా నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, నల్లటి మెత్తని కొమ్ముల్లాంటివి మూడు జతలతో దూరానికే కనబడుతుంది.

అంత బాగా కనబడితే పిట్టలు తినవా? తినవు. జిల్లేడు విషం పురుగు ఒంట్లో నిలిచిపోతుంది, సీతాకోకచిలుక అయినాక కూడా ఉంటుంది. ఒకసారి నోట్లో పెట్టుకున్న పిట్ట ఆ రంగును మరిచిపోదు. ఇంకో జాతి సీతాకోకచిలుక ఉంది, దాంట్లో విషం లేదు, కానీ దాని ఆడది అచ్చం ఈ వేషమే వేసుకొని తిరుగుతుంది. మన బుర్రకథ వేషాలు దాని ముందు ఏం పనికొస్తాయి!

ఇప్పుడు పక్కనున్న తంగేడు చూడండి. దానిమీద కూడా పురుగులుండాయి, కానీ దొరకవు. ఆకు రంగే వాటి రంగు. ఒంట్లో విషం లేదు కాబట్టి దాక్కొని బతకాలి. అవి తెల్లటి సీతాకోకచిలుకలవుతాయి.

చూసే పద్ధతి చెప్తాను. రోజూ ఒకే చెట్టు దగ్గర, ఒకే వేళకు పది నిమిషాలు నిలబడాలి. తేదీ, వేళ, ఏ చెట్టు, ఏ ప్రాణి, ఏం చేస్తాంది – ఇంతే రాయాలి. పేరు తెలియకపోతే రంగు రాయండి. ఆకు తుంచొద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. పడితే వెంటనే నీళ్లతో బాగా కడిగి సారుకు చెప్పాలి. నల్ల తుమ్మెద పూల మీద వాలితే దాని కాళ్లు గమనించండి, పుప్పొడి ముద్దలు అంటుకొని ఉంటాయి.

హిందూపురం దాటి చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఆ ఊరి చింతచెట్ల మీద పెద్ద కొంగలు గూళ్లు కట్టుకుంటూ వచ్చినాయి. సైబీరియా కొంగలని అందరూ అంటారు గానీ అవి మన దేశపు కొంగలే. రెట్టలు, వాసన ఓర్చుకొని ఊరివాళ్లే వాటిని కాపాడినారు. మనకు ఆ కష్టమూ లేదు, పురుగు ఏ వాసనా కొట్టదు.

వార్డెన్ సారుకు మనవి. ఆదివారం శ్రమదానంలో గోడ పక్క మొత్తం కొట్టెయ్యాలని అన్నారు. పాముల భయం న్యాయమే. కానీ పాము జిల్లేడు కోసం రాదు, ఎలుకల కోసం వస్తుంది. ఎలుకలు మనం కిటికీలోంచి పారేసే అన్నం కోసం వస్తాయి. అన్నం తొట్టిలోనే వేసే పూచీ మాది. కిటికీల కింద, దారి పక్క అంతా మేమే శుభ్రం చేస్తాం. మూలనున్న నాలుగు జిల్లేళ్లు, రెండు తంగేళ్లు మాత్రం ఉంచండి సార్. చుట్టూ రాళ్లు పేరుస్తాం. మూడో జిల్లేడు మీద ఆకుపచ్చ ప్యూపాలు రెండు వేలాడుతున్నాయి. అవి నిన్ననే కట్టుకున్నాయి, ఆదివారానికి విడవవు.