పేడ పొయ్యిలోకా, పొలంలోకా?

సంఘ సభ్యులకు పాల లెక్క బాగా తెలుసు. వెన్న శాతం ఒక్క పాయింటు తగ్గినా కార్యదర్శిని నిలదీస్తాము. కాని అదే పశువు రోజూ ఇచ్చే పేడకు లెక్క వేసేవారు తక్కువ. ఇంటి వంటచెరకు ఆదా అంతా ఈ లెక్కలోనే ఉన్నది.

పిడకలో పోయేదెంత?

పచ్చిపేడలో ఐదింట నాలుగు వంతులు నీరే. 25 కిలోల పేడ ఎండితే సుమారు 5 కిలోల పిడకలు వస్తాయి. మామూలు పొయ్యిలో ఆ వేడిలో దాదాపు పదోవంతే గిన్నెకు అందుతుంది. పొగ మాత్రం ఇంటి ఆడవారి కళ్ళకు, ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. పేడలోని నత్రజని కూడా పొగతోపాటు గాలిలో కలిసిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి మళ్ళీ యూరియా బస్తా కొంటాము.

గ్యాసులో మిగిలేదెంత?

అదే 25 కిలోల పేడను గోబర్ గ్యాస్ ప్లాంటులో వేస్తే సుమారు 1 ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. ఇది 430 గ్రాముల సిలిండరు గ్యాసుకు సమానం. నెలకు 13 కిలోలు, అంటే 14.2 కిలోల సిలిండరుకు కొంచెం తక్కువ. నలుగురున్న ఇంటి వంటకు ఇది సరిపోతుంది. నత్రజని ఎక్కడికీ పోదు. ప్లాంటు నుండి బయటకు వచ్చే పేడనీళ్ళలోనే ఉండి పొలానికి చేరుతుంది. అంటే ఒకే పేడ పొయ్యికీ, పొలానికీ పనికివస్తుంది.

ఎవరు కట్టుకోవాలి?

ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ 1960 దశకంలోనే ఈ ప్లాంట్లను ప్రచారంలోకి తెచ్చింది. ఇటుకలతో గుమ్మటంగా కట్టే దీనబంధు నమూనా 1984లో వచ్చింది. అయినా కట్టి మూలపడేసిన ప్లాంట్లు తనిఖీలకు వెళ్ళినప్పుడు మాకు కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటికి పేడ చాలదు. సబ్సిడీని చూసి పెద్దది కట్టి, ఉన్న పశువుల పేడతో దానిని నింపలేకపోతారు.

గేదె రోజుకు సుమారు 15 కిలోలు, ఆవు 10 కిలోలు పేడ వేస్తుంది. మేతకు బయటికి వెళ్ళే పశువు పేడ అంతా మన చేతికి రాదు. కొట్టంలో కట్టే రెండు గేదెలుంటే 1 ఘనపు మీటరు ప్లాంటు, నాలుగుంటే 2 ఘనపు మీటర్ల ప్లాంటు చాలును. ఒక్క పశువే ఉన్నవారు ప్లాంటు జోలికి పోక, పేడను ఎరువు గుంటలో వేసుకోవడం మేలు.

నడపడంలో జాగ్రత్తలు

1. పేడ, నీరు సమపాళ్ళలో కలిపి, గడ్డి, రాళ్ళు ఏరివేసి రోజూ పోయాలి.
2. ఫినాయిలు, సబ్బు కలిసిన కొట్టం కడుగునీరు ప్లాంటులోకి పోనివ్వరాదు. గ్యాసును పుట్టించే సూక్ష్మజీవులు చనిపోతాయి.
3. మంట ఆగి ఆగి మండితే గొట్టంలో నీరు చేరిందని గుర్తు. ఆ నీటిని తీసివేయాలి.
4. గ్యాసు కారుతున్నదేమో సబ్బు నురుగుతో చూడాలి. అగ్గిపుల్ల గీసి ఎన్నడూ చూడరాదు.
5. చలికాలంలో గ్యాసు తగ్గుతుంది. ప్లాంటు చెడిపోయిందని కంగారు పడనక్కరలేదు.

నాలుగో జాగ్రత్త ఇంటి క్షేమానికే కాదు. ఈ గ్యాసులో సగానికి పైగా మీథేన్. మండకుండా గాలిలో కలిస్తే, నూరేళ్ళ లెక్కన భూమిని వేడెక్కించడంలో ఇది బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 28 రెట్లు బలమైనది. కారే ప్లాంటు పర్యావరణానికి మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

ఏ పొయ్యి ఉన్న ఇంటికైనా

పప్పు ముందుగా నానబెట్టడం, గిన్నెపై మూత పెట్టడం, ఉడుకు పట్టగానే మంట తగ్గించడం పైసా ఖర్చు లేని ఆదా. కట్టెలు వాడేవారు వాటిని బాగా ఎండనిచ్చి వాడితే పొగ తగ్గుతుంది, కట్టె మిగులుతుంది.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మీ కొట్టంలో రోజుకు ఎన్ని కిలోల పేడ చేతికి వస్తున్నది? ఒక వారం తూచి చెప్పండి.
2. అందులో ఎంత పిడకలకు, ఎంత పొలానికి పోతున్నది?
3. మన ఊరిలో ఆగిపోయిన ప్లాంట్లు ఎన్ని? పేడ చాలక ఆగినవెన్ని, మరమ్మతు లేక ఆగినవెన్ని?

మూడవ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే కొత్త ప్లాంటుకు దరఖాస్తు పెట్టవలసినదిగా సభ్యులను కోరుతున్నాము.